అటక మీద టీవీ, గోతంలో బోర్డులు: ఈ-వేస్ట్ చట్టం మీద మీ ప్రశ్నలు, మా జవాబులు

పోయిన సంచికలో "పాడైపోయిన ఎలక్ట్రానిక్ సామాన్ల గురించి ఏమైనా అడగాలనుంటే రాయండి" అని ఓ మూల రెండు లైన్లు వేశాం. తిరుపతి, చిత్తూరు వైపు నుంచి ఉత్తరాలూ వాట్సాప్ మెసేజ్‌లూ బాగానే వచ్చాయి. సగం మంది అడిగింది మాత్రం ఒకటే, "అమ్మితే ఎంతొస్తుంది?" అని. ఆ బేరం గుజిరీ అంగడాయనకీ మీకూ వదిలేసి, చట్టం సంగతి అడిగిన వాళ్లకు ఇక్కడ జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: మా అటక మీద పాత డబ్బా టీవీ, పని చేయని సెల్‌ఫోన్లు రెండు, కాలిపోయిన మిక్సీ ఉన్నాయి. పాత సామాన్ల అతన్ని పిలిస్తే మిక్సీ తూకం వేసుకున్నాడు గానీ టీవీని ముట్టుకోలేదు, "ఊరికే ఇచ్చినా వద్దక్కా" అనేశాడు. చెత్త బండికి ఇద్దామంటే మా ఆయన వద్దంటున్నారు. ఈ-వేస్ట్ బయట పడేస్తే జైల్లో వేస్తారని ఎక్కడో చదివారట. నిజమేనా సార్?
(గృహిణి, కొర్లగుంట, తిరుపతి)

జవాబు: ముందు మీ ఆయన టెన్షన్ తీర్చేద్దాం. డబ్బా టీవీ పారేసినందుకు మిమ్మల్ని ఎవరూ జైలుకు పంపరమ్మా.

ఆయన చదివింది పూర్తిగా అబద్ధం కూడా కాదు, పాత సంగతి అంతే. ఈ-వేస్ట్ రూల్స్ అన్నీ 1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టం కింద వచ్చినవి. ఆ చట్టం 15వ సెక్షన్ ప్రకారం ఉల్లంఘనకు ఐదేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా ఉండేవి. 2023లో పార్లమెంటు జన్ విశ్వాస్ చట్టం చేసి ఆ సెక్షన్‌లోని జైలు శిక్షను తీసేసింది. 2024 ఏప్రిల్ 1 నుంచి దాని స్థానంలో 10 వేల నుంచి 15 లక్షల రూపాయల దాకా పెనాల్టీ వచ్చింది. అది కూడా మీలాంటి ఇల్లాలి కోసం పెట్టింది కాదు.

ఈ రూల్స్ ఎవరి మీదున్నాయో చూస్తే మీకే అర్థమవుతుంది. మన దేశంలో మొదటి ఈ-వేస్ట్ రూల్స్ 2011లో చేశారు, 2012 మే 1 నుంచి అమల్లోకి వచ్చాయి. తర్వాత 2016లో ఇంకొన్ని, ఇప్పుడు నడుస్తున్నవి 2022 నవంబర్‌లో గెజిట్‌లో వేసి 2023 ఏప్రిల్ 1 నుంచి అమలు చేస్తున్నవి. 2016 రూల్స్‌లో మామూలు వినియోగదారుడికీ బాధ్యతలు రాశారు, కలెక్షన్ సెంటర్లు, డీలర్లు అని విడివిడిగా పేర్లుండేవి. కొత్తవాటిలో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి (సీపీసీబీ) పోర్టల్‌లో రిజిస్టర్ చేసుకోవాల్సింది నాలుగు రకాల వాళ్లే: తయారుచేసేవాళ్లు, తమ బ్రాండ్ మీద అమ్మేవాళ్లు, బాగుచేసి మళ్లీ వాడకంలోకి తెచ్చేవాళ్లు, రీసైక్లర్లు. వాడేవాళ్లలో పెద్ద ఎత్తున వాడే సంస్థల మీద తప్ప ఇళ్ల మీద బాధ్యత పెట్టలేదు.

ఇది మంచిదా చెడ్డదా అంటే, మా దృష్టిలో సగం మంచిది. ఇంటింటికీ వెళ్లి అటకలు తనిఖీ చేయడం ఎవరి వల్లా కాదు కాబట్టి భారం కంపెనీ మీద పెట్టడం న్యాయమే. కానీ మీ గుమ్మం దగ్గర నుంచి రిజిస్టరైన రీసైక్లర్ గేటు దాకా ఆ టీవీ ఎలా పోవాలో చట్టం గట్టిగా చెప్పకుండా వదిలేసింది. మీరు ఇరుక్కున్నది ఆ మధ్య దారిలోనే.

ఇక టీవీని అతను ఎందుకు వద్దన్నాడంటే, మిక్సీ మోటార్‌లో రాగి ఉంది, డబ్బా టీవీలో బరువంతా గాజుదే. పిక్చర్ ట్యూబ్ వెనక గరాటులాంటి భాగం గాజులో సీసం కలిపి ఉంటుంది, దాన్ని మామూలు గాజులా కరిగించి వేరే పనికి వాడలేరు. పైగా రీసైక్లర్లకు ప్రభుత్వం ఇచ్చే సర్టిఫికెట్లు (వాటిని కంపెనీలు కొంటాయి, ఆ సంగతి కింద చెప్తాం) కూడా బంగారం, రాగి, అల్యూమినియం, ఇనుము అనే నాలుగు లోహాల లెక్కన వస్తాయి. సీసం గాజును జాగ్రత్తగా దాచినందుకు ఎవరికీ పైసా రాదు. డబ్బులొచ్చే రాగి తీసేసుకుని మిగతాది కాలవ గట్టున పడేసే పని అక్కడే మొదలవుతుంది.

మీరు చేయగలిగింది ఇది. టీవీ వెనక ఉన్న బ్రాండ్ పేరు చూడండి. ఆ కంపెనీ ఇప్పటికీ ఉంటే వాళ్ల వెబ్‌సైట్‌లో ఈ-వేస్ట్ అనే పేజీ, టోల్ ఫ్రీ నంబరు ఉంటాయి, జనానికి ఈ విషయం తెలియజేయడం వాళ్ల బాధ్యతే. ఫోన్ చేసినప్పుడు కంప్లైంట్ నంబరు తప్పకుండా అడిగి రాసుకోండి. కంపెనీ మూతపడి ఉంటే, లేదా అసలు పేరే లేని అసెంబుల్డ్ సెట్ అయితే (ఒకప్పుడు మన ఊళ్లో అలాంటివి ఎన్ని అమ్మారో!) దాన్ని తీసుకుని రిజిస్టరైన రీసైక్లర్‌కు చేర్చే బాధ్యత 2022 రూల్స్ ప్రకారం మున్సిపాలిటీది. కాబట్టి మీ వార్డు సచివాలయంలో శానిటేషన్ చూసేవాళ్లను అడగండి, తప్పించుకోబోతే రూల్స్‌లో ఉందని చెప్పండి. ప్రతి నెలా మూడో శనివారం స్వచ్ఛాంధ్ర కార్యక్రమం జరుగుతుంది కదా, ఆ రోజు మీ వీధిలో ఈ-వేస్ట్ తీసుకుంటారేమో ముందే కనుక్కోండి. తడి చెత్త, పొడి చెత్త బుట్టల్లో మాత్రం వేయకండి. పిల్లల్ని టీవీ విప్పనీయకండి, ఆ ట్యూబ్ లోపల గాలి ఉండదు, పగిలితే గాజు ముక్కలు ఎగిరి ముఖానికి తగులుతాయి.

ఫోన్లలో సిమ్, మెమరీ కార్డు తీసేశారో లేదో చూసుకోండి. ఆన్ అయ్యేవైతే అకౌంట్ నుంచి బయటికొచ్చి, రీసెట్ చేసి అప్పుడు ఇవ్వండి.

ప్రశ్న: అన్నా, నాది చిత్తూరులో చిన్న సెల్ రిపేరు అంగడి. చచ్చిన బోర్డులు, పగిలిన డిస్‌ప్లేలు ఒక గోతం నిండా ఉన్నాయి. చెన్నై నుంచి ఒకాయన ఆర్నెల్లకోసారి వచ్చి బోర్డులు కిలోల లెక్కన కొనుక్కుని పోతాడు. ఈ మధ్య పక్క అంగడాయన "రిపేరు చేసేవాళ్లు కూడా ఢిల్లీలో రిజిస్టర్ చేసుకోవాలంట, లేకుంటే అంగడి మూయిస్తారంట" అని భయపెట్టాడు. అంగడి మూసుకుంటే ఇల్లెట్లా గడిచేది?
(సెల్ మెకానిక్, గ్రీంస్‌పేట, చిత్తూరు)

జవాబు: తమ్ముడూ, పక్కాయన సగమే చదివాడు. రూల్స్‌లో బాగుచేసే పనికి ఇచ్చిన నిర్వచనం చూస్తే, వాడిన సామాను రిపేరు చేసి మార్కెట్లో అమ్మినా, యజమానికి తిరిగిచ్చినా ఆ లెక్కలోకే వస్తుంది. అంతవరకే చదివితే వీధిలో ప్రతి సెల్ అంగడీ రిజిస్టర్ కావాలేమో అనిపిస్తుంది, నిజమే. కానీ అవే రూల్స్ మొదట్లోనే, ఇవి సూక్ష్మ సంస్థలకు వర్తించవని రాసి ఉంది. సూక్ష్మ సంస్థ అంటే ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థల) చట్టం ప్రకారం చూడాలి, 2025 ఏప్రిల్ 1 నుంచి ఆ పరిమితి పెట్టుబడి రెండున్నర కోట్ల దాకా, టర్నోవర్ 10 కోట్ల దాకా పెరిగింది. నీ అంగడి ఎక్కడ, పది కోట్లెక్కడ! అయినా ఇలాంటి సంస్థల కోసం ప్రభుత్వం పెట్టిన ఉద్యమ్ పోర్టల్‌లో ఉచితంగా రిజిస్టర్ చేసుకుని ఆ సర్టిఫికెట్ ఒకటి అంగట్లో పెట్టుకో, రేపు ఎవరైనా వచ్చి బెదిరిస్తే నోటితో వాదించే బదులు కాగితం చూపించొచ్చు.

మినహాయింపు ఉంది కదా అని ఏమైనా చేయొచ్చని కాదు. రిపేరులో తీసిపారేసిన భాగాలు కూడా ఈ-వేస్టే అని నిర్వచనంలో స్పష్టంగా ఉంది. నీ గోతం నిండా ఉన్నది అదే. బోర్డుల మీద యాసిడ్ పోసి బంగారం తీస్తామని, వైర్లు కాల్చి రాగి తీస్తామని ఎవరైనా ఆశపెడితే ఆ జోలికి పోవద్దు. ఆ యాసిడ్ నీళ్లు కాలవలో పోస్తే 1974 నాటి నీటి కాలుష్య చట్టం ఉంది, ప్రమాదకర వ్యర్థాల రూల్స్ ఉన్నాయి, అక్కడ ఈ మినహాయింపు పనిచేయదు. చట్టం సంగతి అటుంచు, ఆ పొగ పీల్చేది నువ్వూ నీ దగ్గర పని నేర్చుకునే పిల్లోడూ.

చెన్నై ఆయన్ని ఒక్క మాట అడుగు: "మీరు గానీ, మీరు అమ్మే కంపెనీ గానీ సీపీసీబీలో రిజిస్టరైన రీసైక్లరా? నంబరు రాసి బిల్లు ఇస్తారా?" అని. రిజిస్టరైన వాళ్ల పేర్లు ఆ పోర్టల్‌లో ఎవరైనా చూడొచ్చు. బిల్లు అనగానే ఆయన మొహం మారిందంటే ఆ బోర్డులు ఎక్కడికి పోతున్నాయో నీకు అర్థమైపోతుంది. మీ బజార్లో ఉన్న నాలుగైదు అంగళ్లవాళ్లు కలిసి సరుకు ఒక్కచోట పెడితే రిజిస్టరైన కంపెనీ బండే వచ్చి తీసుకుపోతుంది, విడిగా ఒక్క గోతం కోసం ఎవరూ రారు. రేటు కొంచెం తక్కువ రావచ్చు, అబద్ధం చెప్పను. చట్టానికి లోబడి పనిచేసేవాడికి పొగ గొట్టాల ఫిల్టర్లు, కూలీలకు గ్లౌజులు, ఆడిట్లు ఇలా ఖర్చులుంటాయి. కాలవ పక్కన కాల్చేవాడికి అవేమీ లేవు కాబట్టే అతను నీకు ఎక్కువ ఇవ్వగలుగుతున్నాడు.

ఇంకో సంగతి, నువ్వు అడగలేదు గానీ చెప్తున్నా. సెకండ్ హ్యాండ్ ఫోన్లు కొని బాగుచేసి అమ్ముతుంటే కొనేముందు ఐఎంఈఐ నంబరు (ప్రతి ఫోన్‌కూ విడిగా ఉండే గుర్తింపు నంబరు) కేంద్ర టెలికాం శాఖ సంచార్ సాథీ వెబ్‌సైట్‌లో చూసుకో. ఇంగ్లీషులో KYM అని కొట్టి, ఖాళీ వదిలి, ఆ నంబరు కొట్టి 14422కు మెసేజ్ పంపినా చాలు. దొంగ ఫోన్ గానీ అంటగట్టారంటే ఈ-వేస్ట్ కేసు కంటే అది పెద్ద తలనొప్పి.

ప్రశ్న: మాది తిరుపతిలో హాస్టల్‌తో కూడిన ప్రైవేటు కాలేజీ. ల్యాబ్‌లో పాత కంప్యూటర్లు 80 తీసేస్తున్నాం. కొటేషన్లు పిలిస్తే అందరికంటే ఎక్కువ రేటు వేసింది ఒక గుజిరీ వ్యాపారి. ఎక్కువ వేసినవాడికి ఇవ్వకపోతే ఆడిట్‌లో అడుగుతారు, ఇస్తే ఈ-వేస్ట్ చట్టం అంటున్నారు. మేం బల్క్ కన్స్యూమర్ కిందికి వస్తామా? మా దగ్గర కంప్యూటర్లు మొత్తం కలిపినా 200 దాటవు.
(ఆఫీసు సూపరింటెండెంట్, తిరుపతి)

జవాబు: మీరు కంప్యూటర్లు మాత్రమే లెక్కపెట్టారు. చట్టం అలా లెక్కపెట్టదు సార్.

ఒక ఆర్థిక సంవత్సరంలో ఎప్పుడైనా సరే, రూల్స్‌కు జతచేసిన జాబితాలో, అంటే షెడ్యూల్‌లో ఉన్న వస్తువులు కనీసం 1000 వాడి ఉంటే ఆ సంస్థ బల్క్ కన్స్యూమర్. 2016 రూల్స్‌లో ఆ షెడ్యూల్ చిన్నది, 21 రకాలే ఉండేవి. 2022లో దాన్ని 106కు పెంచారు. కంప్యూటర్లు, ప్రింటర్లు, ఫోన్లు సరే, ఫ్యాన్లు, ఏసీలు, ఫ్రిజ్‌లు, ట్యూబ్‌లైట్లు, ల్యాబ్ పరికరాలు కూడా ఇప్పుడు అందులో ఉన్నాయి. హాస్టల్లో గదికి రెండు ఫ్యాన్లు, రెండు లైట్లు వేసుకుని, క్లాసు రూములు, మెస్, ఆఫీసు కలిపి ఒకసారి నిజాయితీగా లెక్క వేయండి. స్టాకు రిజిస్టర్ ముందేసుకుంటే అరగంట పని. 1000 దాటే అవకాశమే ఎక్కువ, మన ఊళ్లో ఒక మోస్తరు కాలేజీలు, ఆస్పత్రులు, యాత్రికులు దిగే పెద్ద లాడ్జీలు చాలావరకు ఈ లెక్కలో పడతాయి, వాళ్లలో చాలామందికి ఆ సంగతి తెలీదు.

దాటితే మీ బాధ్యత ఒక్కటే వాక్యం: ఈ-వేస్ట్‌ను రిజిస్టరైన ప్రొడ్యూసర్‌కు (తమ బ్రాండ్ మీద అమ్మే కంపెనీకి) గానీ, బాగుచేసే సంస్థకు గానీ, రీసైక్లర్‌కు గానీ మాత్రమే ఇవ్వాలి. గుజిరీ వ్యాపారి ఎంత ఎక్కువ వేసినా అతను వీళ్లలో లేకపోతే ఇవ్వకూడదు.

ఆడిట్ భయానికి మందు కొటేషన్ నోటీసులోనే ఉంది. మీరు మళ్లీ నోటీసు ఇచ్చి "సీపీసీబీలో రిజిస్టరైన రీసైక్లర్లు, బాగుచేసే సంస్థలు మాత్రమే పాల్గొనాలి, రిజిస్ట్రేషన్ కాపీ జతచేయాలి" అని ఒక షరతు పెట్టండి. అప్పుడు వచ్చినవాళ్లలో ఎక్కువ వేసినవాడికే ఇస్తారు కాబట్టి ఆడిటర్‌కు అడగడానికి ఏమీ మిగలదు. గేటు దాటేముందు బరువు వేయించి, ఏ వస్తువులు ఎన్ని అని రాసి, రిజిస్ట్రేషన్ నంబరుతో రసీదు తీసుకుని ఫైల్లో పెట్టండి. ఆ 80లో నడిచేవి కొన్ని ఉండొచ్చు, వాటిని చెత్త కింద లెక్కేయకండి, పల్లెల్లో బడికి ఇచ్చేయండి. మళ్లీ వాడకంలోకి పోయేది ఈ-వేస్ట్ కాదు.

హార్డ్ డిస్కులు తీసి మీ దగ్గర పెట్టుకోండి, లేదా డేటా పూర్తిగా తుడిపించిన తర్వాతే పంపండి. పిల్లల ఆధార్ కాపీలు, ఫీజు లెక్కలు, తల్లిదండ్రుల ఫోన్ నంబర్లు అన్నీ వాటిలోనే ఉంటాయి. ఈ విషయం మాత్రం ఎవరికీ గుర్తురాదు.

1000 దాటకపోయినా ఇలాగే చేయండి. తర్వాత ఎవరైనా అడిగితే చూపించడానికి కాగితాలుంటాయి.

ప్రశ్న: శ్రీవారి హుండీలో భక్తులు వేసిన సెల్‌ఫోన్లను టీటీడీ ఈ-వేలం వేస్తుంది కదా. ఒక లాట్ కొందామనుకుంటున్నా. వాటికి ఈ చట్టం వర్తిస్తుందా?
(ఎలక్ట్రానిక్స్ వ్యాపారి, తిరుపతి)

జవాబు: వేలంలో ఫోన్లు, వాచీలు లాట్లుగా పెడుతుంటారు, నోటీసులో వాటి పరిస్థితి కూడా రాస్తారు. వాడినవి, కొంచెం దెబ్బతిన్నవి అంటే బాగుచేసి అమ్ముకోవచ్చు, అప్పుడవి వస్తువులే. మీరు విప్పి చూసి పనికిరావని పక్కన పెట్టిన క్షణం నుంచి ఈ-వేస్ట్. కాబట్టి లాట్‌కు రేటు వేసేటప్పుడే ఎన్ని లేస్తాయో, లేవని వాటిని ఎవరికి ఇస్తారో లెక్కేసుకోండి. స్వామివారి ఫోన్ కదా అని బోర్డుకు మినహాయింపేమీ లేదు.

ప్రశ్న: మా ఇంటి ఇన్వర్టర్ బ్యాటరీ, ఉబ్బిపోయిన ఫోన్ బ్యాటరీ ఒకటి, పవర్ బ్యాంకు ఒకటి ఉన్నాయి. ఇవి కూడా ఈ-వేస్టేనా?
(పాఠకుడు, పలమనేరు)

జవాబు: కాదు. బ్యాటరీలకు వేరే చట్టం ఉంది. 2022 ఆగస్టులో వచ్చిన బ్యాటరీ వేస్ట్ రూల్స్, అంతకుముందు 2001 నుంచి ఉన్న పాత రూల్స్ స్థానంలో వచ్చాయి. కారు బ్యాటరీ నుంచి ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీ, రిమోట్‌లో వేసే చిన్న సెల్ దాకా అన్నీ ఇందులోకే వస్తాయి. తమాషా ఏమిటంటే, ఈ-వేస్ట్ రూల్స్ మామూలు ఇంటిని వదిలేశాయి గానీ బ్యాటరీ రూల్స్ వదల్లేదు. పాత బ్యాటరీలను ఇంటి చెత్తలో కలపకుండా విడిగా ఉంచి, సేకరించేవాళ్లకో రీసైక్లింగ్ చేసేవాళ్లకో ఇవ్వడం వినియోగదారుడి బాధ్యత అని రాశారు. బ్యాటరీ మీద చక్రాల చెత్త డబ్బా బొమ్మకు అడ్డంగా గీతలు కొట్టి ఉంటుంది చూడండి, దాని భావం అదే.

ఇన్వర్టర్‌ది సులభం. కొత్తది కొనేచోట పాతదానికి రేటు కట్టి బిల్లులో తగ్గిస్తారు. యాసిడ్ వంపేసి తెమ్మని ఎవరైనా అంటే వినకండి, అలాగే ఇవ్వండి. ఉబ్బిన ఫోన్ బ్యాటరీని మాత్రం నొక్కొద్దు, గుచ్చొద్దు, ఛార్జింగ్ పెట్టొద్దు. ఎండ తగలని చోట, కాలే వస్తువులకు దూరంగా, ఇసుక పోసిన డబ్బాలో ఉంచి ఆ ఫోన్ కంపెనీ సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లండి. పవర్ బ్యాంకుదీ అదే దారి. చెత్త బండిలో వేస్తే లోపల నలిగి మంటలు లేస్తాయి, కాలేది ఆ బండి మీద పనిచేసేవాళ్ల చేతులు.

ప్రశ్న: మా ఇంటికి కొంచెం దూరంలో ఖాళీ స్థలంలో రాత్రిపూట వైర్లు కాలుస్తున్నారు. నల్లటి పొగ, ఘాటు వాసన, మా అమ్మకు ఆస్తమా. చెప్పి చూశాం, "మా పొట్ట కొట్టొద్దు" అంటున్నారు. వాళ్లూ పేదవాళ్లే. ఎవరికి ఫిర్యాదు చేయాలి, చేస్తే ఏమైనా జరుగుతుందా?
(పాఠకురాలు, రేణిగుంట)

జవాబు: ఇది కష్టమైన ప్రశ్న అమ్మా, "వాళ్లూ పేదవాళ్లే" అన్నారు చూడండి, దాని వల్ల.

చట్టం వైపు చూస్తే సందేహమే లేదు. చెత్త బహిరంగంగా కాల్చడాన్ని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2016 డిసెంబర్‌లో దేశమంతటా నిషేధించింది, మామూలుగా కాలిస్తే 5 వేలు, పెద్ద ఎత్తున కాలిస్తే 25 వేల రూపాయలు కట్టించాలని చెప్పింది. వైర్ల పైన ఉండే తొడుగు పీవీసీ, దానిలో క్లోరిన్ ఉంటుంది కాబట్టి తక్కువ మంట మీద కాలితే డయాక్సిన్లు అనే విషాలు పుడతాయి. అవి గాలిలోంచి మట్టిలోకి, గడ్డిలోకి, ఆవు పాలలోకి చేరతాయి. పాత వైర్ల తొడుగులో సీసం కూడా కలిపేవాళ్లు. ఆస్తమా ఉన్నవాళ్లకైతే ఆ ఘాటు ఒక్కటే చాలు.

ఫిర్యాదు రాసేటప్పుడు కోపం తక్కువ, వివరం ఎక్కువ ఉండాలి. ఏ తేదీన, ఎన్ని గంటలకు, ఏ సర్వే నంబరో తెలీకపోతే ఏ గుడి పక్కన, ఏ రోడ్డు మలుపులో అని రాసి, ఫొటోలు, వీడియో జతచేయండి. మీ ఇల్లు మున్సిపాలిటీలో ఉంటే కమిషనర్‌కు, పంచాయతీలో ఉంటే పంచాయతీ కార్యదర్శికి ఒక కాపీ, రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికి ఒక కాపీ ఇవ్వండి. సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక జరుగుతుంది, అక్కడ ఇస్తే నంబరు పడుతుంది, ఆ నంబరు పట్టుకుని మళ్లీ అడగొచ్చు. ఉత్తినే ఫోన్ చేసి చెబితే మీ మాట గాలికి పోతుంది.

అయితే ఫిర్యాదులో ఇంకో ముక్క కూడా చేర్చండి. ఆ వైర్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో, రాగి ఎవరు కొంటున్నారో విచారించమని అడగండి. రాత్రిపూట కాల్చేవాడు ఆ గొలుసులో అందరికంటే తక్కువ సంపాదించేవాడు. అతన్ని తరిమేస్తే ఇంకో ఊరి చివర అదే మంట పెడతాడు. 2022 రూల్స్‌లోనే రాష్ట్ర ప్రభుత్వం మీద పెట్టిన పని ఒకటుంది: పారిశ్రామిక వాడల్లో ఈ-వేస్ట్ విప్పే పనికీ రీసైక్లింగ్‌కూ స్థలం కేటాయించాలి, ఈ పనిలో ఉన్న కూలీలను గుర్తించి రిజిస్టర్ చేయాలి, వాళ్లకు శిక్షణ ఇవ్వాలి, ఆరోగ్యం, భద్రత చూడాలి. రేణిగుంట, ఏర్పేడు చుట్టూ ఎలక్ట్రానిక్స్ తయారీకి వందల ఎకరాలు ఇచ్చినవాళ్లకు వైరు తొక్కు తీసే మెషిన్లు పెట్టుకునేందుకు ఒక షెడ్డు ఇవ్వడం అంత భారమా అని మా ప్రశ్న. వైరును కాల్చక్కర్లేదు, మెషిన్‌తో తొక్కు ఒలిస్తే రాగి ఇంకా శుభ్రంగా వస్తుంది, రేటు కూడా బాగా పలుకుతుంది.

ప్రశ్న: రేణిగుంట దగ్గర టీవీలు, ఫోన్ల ఫ్యాక్టరీలు ఇన్ని వచ్చాయి కదా. చెత్త మొత్తం కంపెనీ బాధ్యతే అంటున్నారు. మరి నేను ఒక కంపెనీకి ఫోన్ చేసి మా పాత ఫోన్ తీసుకెళ్లమంటే రాలేదు. వాళ్ల మీద కేసు వేయొచ్చా?
(డిగ్రీ విద్యార్థి, శ్రీకాళహస్తి)

జవాబు: కేసు దాకా ఎందుకు గానీ, ముందు ఈ లెక్క ఎలా నడుస్తుందో చెప్తా విను.

ఫ్యాక్టరీ బాధ్యత వేరు, బ్రాండ్ బాధ్యత వేరు. ఫ్యాక్టరీవాళ్లు తమ దగ్గర తయారీలో పాడైన సరుకును సేకరించి రీసైక్లింగ్‌కు పంపాలి. మార్కెట్లోకి వెళ్లిన ఫోన్ ముసలిదైపోయాక దాని భారం ఎవరి పేరు మీద అమ్ముడైందో ఆ బ్రాండ్‌ది. విదేశాల నుంచి తెచ్చి అమ్మినా, ఆన్‌లైన్లో అమ్మినా అంతే. ఒక వస్తువు సగటు ఆయుష్షు ఎన్నేళ్లో చూసి, అన్నేళ్ల కిందట ఆ కంపెనీ ఎంత బరువు సరుకు అమ్మిందో దానిలో ఇంత శాతం ఈ ఏడాది రీసైకిల్ అయినట్టు చూపించాలి. 2023-24, 2024-25కు 60 శాతం, 2025-26, 2026-27కు 70 శాతం, 2027-28 నుంచి 80 శాతం.

చూపించడం ఎలా? ఇక్కడే కీలకం ఉంది. కంపెనీ నీ ఇంటికొచ్చి నీ ఫోనే తీసుకెళ్లాలని లేదు. రిజిస్టరైన రీసైక్లర్ ఎక్కడో ఈ-వేస్ట్ కరిగించి లోహం తీస్తాడు, దానికి పోర్టల్‌లో సర్టిఫికెట్ పుడుతుంది, కంపెనీ ఆ సర్టిఫికెట్ కొని తన లెక్క సరిచేసుకుంటుంది. కాబట్టి నీ పాత ఫోన్ నీ డ్రాయర్‌లోనే ఉన్నా కాగితం మీద కంపెనీ తన పని పూర్తి చేసినట్టే. అందుకే ఒక్క ఫోన్ కోసం శ్రీకాళహస్తి దాకా బండి రాదు. ఇది మాకు నచ్చని ఏర్పాటు, కానీ చట్టం ఇదే. ఆ సర్టిఫికెట్లకు ప్రభుత్వం కనీస ధర కూడా పెట్టింది, టీవీ, ఏసీల్లాంటి వాటికి కిలోకు 22 రూపాయలు. రీసైక్లర్‌కు గిట్టుబాటు కాకపోతే దొంగ లెక్కలు రాస్తాడన్నది ప్రభుత్వం వాదన, ఖర్చు విపరీతంగా పెరిగిపోతుందని కొన్ని పెద్ద కంపెనీలు ఢిల్లీ హైకోర్టుకు వెళ్లాయి.

నువ్వు చేయాల్సిందల్లా ఒక్కడివే ఫోన్ చేయడం మానేసి మీ కాలేజీ వాళ్లంతా కలవడం. పాత ఫోన్లు, ఛార్జర్లు, ఇయర్‌ఫోన్లు, చచ్చిన ల్యాప్‌టాప్‌లు ఒక డబ్బాలో చేర్చి, బరువు చెప్పి పిలవండి. అప్పటికీ రాకపోతే ఆ బ్రాండ్ సర్వీస్ సెంటర్ తిరుపతిలో ఉందేమో చూసి అక్కడ ఇచ్చి రసీదు అడగండి. తీసుకోం అంటే అదే మాట మెయిల్‌లో రాసిమ్మని అడుగు, ఆ మెయిల్ జతచేసి కాలుష్య నియంత్రణ మండలికి పంపు. రాతపూర్వకంగా "తీసుకోం" అని రాసివ్వడానికి ఏ కంపెనీకీ మనసొప్పదు.

ప్రశ్న: మా బోరుకు సోలార్ ప్యానెళ్లు వేయించాం. గాలివానకు రెండు పగిలాయి. పొలం గట్టున పడి ఉన్నాయి. గుజిరీకి వేయొచ్చా?
(రైతు, పుత్తూరు)

జవాబు: వేయొద్దండి. సోలార్ ప్యానెళ్లను కూడా 2022 రూల్స్‌లో ఈ-వేస్ట్‌గా చేర్చారు. గుజిరీకి వేస్తే చుట్టూ ఉన్న అల్యూమినియం ఫ్రేము ఊడబీక్కుని గాజు పలకను ఎక్కడో పడేస్తారు. పాడైన ప్యానెళ్లను 2034-35 దాకా మార్గదర్శకాల ప్రకారం నిల్వ ఉంచాల్సిన బాధ్యత తయారుచేసినవాళ్ల మీద, అమ్మినవాళ్ల మీద ఉంది. మీకు వేసిన కంపెనీకి ఫోన్ చేసి, సీరియల్ నంబర్లు చెప్పి తీసుకెళ్లమనండి. సబ్సిడీ మీద వేయించుకున్నదైతే వారంటీ, ఇన్సూరెన్స్ కాగితాలు కూడా ఒకసారి తీసి చూడండి, కొత్తవి వచ్చే వీలుంటుంది. అంతదాకా ప్యానెళ్లను బోర్లా పెట్టి పైన గోనెపట్ట కప్పండి, పగిలిన ప్యానెల్ కూడా ఎండ పడితే కరెంటు పుట్టిస్తుంది, తడి చేత్తో తీగలు ముట్టుకోకండి.